ఎనిమిది మీద ముల్లు

ఎర్రయ్యతో వచ్చిన చిక్కల్లా ఆయనకు తెలియనిది లేకపోవడమే. రైల్వే సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు కరెంటు కలిపి తెంచే బ్రేకర్లు చూసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంట్లో కుక్కర్ కూడా ఆయన అనుమతి లేనిదే కూయకూడదు.

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. విశ్వకర్మ పూజ నాడు ఫ్యాక్టరీల్లోకి ఇంటివాళ్లనూ రానిస్తారు. ఊరి చివర ఫ్యాక్టరీలో ఇంజనీరైన కూతురు కళ్యాణి, తాను పట్టుబట్టి తెప్పించిన కొత్త బ్రేకర్‌కు కొబ్బరికాయ కొట్టించి మీట నొక్కాలి. పాత బ్రేకర్లలో నింపే గ్యాస్ బయటపడితే వందల ఏళ్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇందులో ఉన్నది తేమ తీసిన ఉత్త గాలి. ఇది మొరాయిస్తే మళ్లీ పాతవే కొంటానని మేనేజర్ విల్‌ఫ్రెడ్ ముందే చెప్పాడు.

అందరూ హారతి వైపు తిరగ్గానే ఎర్రయ్య బ్రేకర్ మీద ఒత్తిడి చూపే మీటరు చూశాడు. ముల్లు ఎనిమిది మీద ఉంది. ఆయన ఎరిగిన బ్రేకర్లన్నీ ఆరు దగ్గరే నిలిచేవి. పిల్ల పొరపాటును గుట్టుగా సర్దుదామని వాల్వు తిప్పి ఆరుకు దించాడు. ఉత్త గాలికి ఒత్తిడి ఎక్కువ కావాలని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. చూసింది భార్య మీనాకుమారి ఒక్కతే.

కళ్యాణి మీట నొక్కింది. బ్రేకర్ కదలలేదు, అలారం మాత్రం మోగింది.

"గ్యాస్ లీకు. కిందికి దిగిపోద్ది, ఊపిరాడదు. అందరూ పైకెక్కండి" అన్నాడు ఎర్రయ్య, పాత గ్యాస్ అలవాటు కొద్దీ. పురోహితుడు, విల్‌ఫ్రెడ్, బూందీ బుట్ట మేడ మెట్లెక్కారు. ఇది మనం పీల్చే గాలేనని కళ్యాణి ఎంత చెప్పినా ఎవరూ దిగలేదు.

మీనాకుమారి బూందీ పొట్లం పట్టుకుని కేబుళ్ల గోతిలోకి దిగి కూర్చుంది.

"ఏటే, సచ్చిపోతావు. పైకి రా."

"రాను. మీటరు కాడ ఏటి సేసినారో సెప్పండి, అప్పుడొత్తాను."

ఈలోగా కళ్యాణి సిలిండర్‌తో గాలి నింపి, ముల్లును ఎనిమిదికి చేర్చి మీట నొక్కింది. బ్రేకర్ ఠప్పున పడి కరెంటు వచ్చింది. విల్‌ఫ్రెడ్ మాత్రం ఫోన్ తీశాడు. "ఒకపాలి లీకైంది మళ్లీ అవదని గ్యారంటీ ఏటమ్మా? పాతవే చెప్పేస్తాను."

గోతిలోంచి బూందీ నములుతున్న చప్పుడు వినిపించింది.

"ఫోనాపండి బాబూ" అన్నాడు ఎర్రయ్య. "లీకు కాదు. గాలి నానే వదిలేసినాను. ఆరే ఉండాలనుకున్నాను. తప్పు నాదే."

గాలి తగ్గిందని తెలుసుకుని ఆగిపోయే మిషనైతే ఇంకో రెండు తెప్పించమన్నాడు విల్‌ఫ్రెడ్.

ఆ 'తప్పు నాదే' విన్నాక మీనాకుమారి గోతిలోంచి పైకొచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో అంత స్వచ్ఛమైన గాలి పీల్చడం ఆమెకు అదే మొదటిసారి.