మండూకశయ్యా విజయము

విను, లోకమా, విను! వడగాడ్పునకు కాకులు సైతము నోళ్లు తెరుచుకొని కూర్చుండు వైశాఖ మధ్యాహ్నంబున, నాపరాతి ధూళిచే ధూసరంబై, లారీల ఘీంకారంబులచే ముఖరితంబై, ఇంటికి బండ, ప్రహరికి బండ, తుదకు సమాధికిని బండయే శరణ్యంబుగా వెలుగు బేతంచెర్ల పురంబునందు, పాలిష్ యంత్రాధీశ్వరుండును, బండ గాక భూమికి మరొక తలము గలదని యెన్నడు నొప్పుకొనని మహామొండియు నగు హనుమేషుండు, ఒక గోండ్రుకప్పకు పడక యమర్చు ఘోరసంగ్రామంబున కుద్యుక్తుం డయ్యె. నవ్వకుడయ్యా, కథ ముందున్నది.

ఆ కప్ప పాలిష్ నీళ్ల తొట్టిలో మునిగి తేలుచుండ, హనుమేషుని యిల్లాలు మధులత చూచి, పైకి దీసి, అద్దాలపెట్టెలో నుంచి, బంగారయ్య యని పేరిడి, పెండ్లినాటి నుండి మగనికి కనబరచని వాత్సల్యంబెల్ల దానిపై గ్రుమ్మరించుచుండెను.

"ఏమయ్యా, పెట్టెలో అడుగున ఏమన్నా మెత్తగా పరచల్ల" అన్నదా సాధ్వి.

అంత హనుమేషుండు మీసంబు దువ్వి గర్జించె: "మెత్తగానా! హైదరాబాదు మేడలకు బండలంపిన వంశం మాది. నా ఇంట్లో కప్ప మట్టిలో పండుకుంటే ఊర్లో నా తల యాడ పెట్టుకోవల్ల? అద్దం మాదిరి బండేస్తా, మొగం చూసుకోనీ!"

వేసెను. బంగారయ్య అడుగిడి జారె. లేచి, మరల జారె. తుదకు మూల కొదిగి, యజమాని పనితనమును గ్రుడ్లప్పగించి తిలకించుచు కూర్చుండె. "గరుకు తక్కువైనాది, అంతే" యని తీర్మానించి, మన శూరుండు బండలు కోయగా రాలిన ముక్కలను దోసిళ్లతో కుమ్మరించె. మధులత ఒక మిడతను వదలె. బంగారయ్య లంఘించి, జిహ్వాస్త్రంబు ప్రయోగించి, మిడతతోపాటు ఒక రాతిముక్కను సైతము మింగెను. ఆపైన మేత ముట్టలేదు. పొట్ట బిగిసెను.

"దానికేమన్నా అయితే, పోయి నీ ఫ్యాక్టరీ బండల మీదనే పండుకో. ఈ ఇంట్లోకి రావద్దు" అని మధులత ఏడ్చెను. ఆమె తిట్లకు ఏనాడును చలింపని హనుమేషుండు ఆ యేడ్పునకు దిగ్గున లేచి ఫోను చేతబట్టె. నిజము చెప్పవలెనన్న, కప్ప కొరకును వాని ప్రాణము కొట్టుకొనుచునే యుండెను.

కర్నూలు పశువైద్యురాలు కృపారాణి ఫోనులో వాయించినది: "దాన్ని లోతులేని నీళ్లలో కూర్చోబెట్టప్పా. రాయి బయటికి రాకపోతే నా దగ్గరికి తీసుకరా. నోట్లో పట్టే రాయి ఒక్కటి గూడా పెట్టెలో ఉండకూడదు. కప్ప తోలుతోనే నీళ్లు తాగుతాది, తెలుసునా? ఎరువు తగిలిన చేనిమట్టి వద్దు, వాసన కొట్టే రంపంపొట్టు వద్దు. ఉత్త కొబ్బరిపొట్టు తడిపి పరుచు."

బేతంచెర్లలో అడిగిన బండ అడిగినంత దొరకును. ఉత్త కొబ్బరిపొట్టు మాత్రము దుర్లభంబు. నర్సరీవాని పొట్టులో ఎరువు కలిసియుండె. కడకు నంద్యాలలో సంపాదించి, మూట భుజంబున నిడి, మన వీరుండు తన ఫ్యాక్టరీ ముందుగా నడచుచుండ, మిషన్ నడుపు అయ్యన్న కేక వేసె: "ఏమన్నా, బండలోడివి, పొట్టు మోస్తాండావే!"

"మోస్తా రా! మా ఇంట్లో నిండుప్రాణం ఉండాది. దానికి బండ పనికిరాదు!"

అయ్యో, ఆ మాట నడిబజారులో అనుటకన్న ఏనుగు కుంభస్థలంబు బ్రద్దలుకొట్టుట సులభంబు. అయినను అనెను.

రాతిముక్క లన్నియు నేరివేసి, తడిపొట్టు పరచి, ఒక మూల లోతులేని నీళ్ల పళ్లెము నుంచిరి. బంగారయ్య వెనుకకాళ్లతో త్రవ్వి, కండ్లవరకు దిగబడి, నెమ్మదించెను. మరునాడు తెల్లవారగనే, నీళ్ల పళ్లెంబున, మలసహితంబుగా, శనగబద్దంత నాపరాతి ముక్క సాక్షాత్కరించె. "మధూ, వచ్చిందే! వచ్చింది!" యని హనుమేషుండు వీధి వీధంతయు లేచునట్లు అరచి, దానిని అరచేత బెట్టుకొని వలవల యేడ్చెను.

కావున వినుడు జనులారా! బేతంచెర్లలో నేటివరకు వెలువడిన కోట్లాది రాళ్లలో, ఆ ఊరివాడు ఆనందబాష్పంబులతో అందుకొన్న రాయి యిదొక్కటే. జయము, జయము!