పది శాతం అతిక్రమణ

భానునగర్‌లోని నలభై ఒకటో నంబరు ప్లాటులో కాపురముంటున్న ఎనిమిది వాటాల వారిని ఒకే కుటుంబంగా మారుస్తూ నగరపాలక సంస్థ ఉత్తర్వు జారీ చేసింది. నెల తిరక్కుండానే వారందరికీ ఒకే ముక్కు వచ్చింది.

భానునగర్ ప్లాట్లు ఒక్కో కుటుంబం ఒక్కో ఇల్లు కట్టుకోవడానికి మాత్రమే ఉద్దేశించినవి. ఆ సంగతి తెలిసే బిల్డరు అక్కడ నాలుగంతస్తులు లేపాడు. తెలిసే అధికారులు అటుగా వెళ్లడం మానుకున్నారు. తెలిసే జనం కొనుక్కున్నారు. చివరికెవరో ఫిర్యాదు చేశాక సంస్థ తన ముందున్న మార్గాలను పరిశీలించింది. భవనాన్ని కూల్చడం ఆనవాయితీ కాదు. నిబంధనను మార్చడం ప్రభుత్వం పని. మనుషులను మార్చడం ఒక్కటే సంస్థ అధికార పరిధిలో ఉంది.

ప్లాటులో అందరికంటే పెద్దవారి పోలికను ప్రమాణంగా తీసుకోవాలని ఉత్తర్వులో ఉంది. ఆ పెద్దావిడ రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే మాణిక్యాంబ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఇతరుల మాటలను ఇతరులకు కలిపి, విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పిల్లలు లేరు, భర్త పోయాడు. చివర కొంచెం ఎడమకు ఒరిగిన ఆమె ముక్కు, నవ్వితే కుడి చెంపన పడే సొట్ట ఇప్పుడు అన్ని అంతస్తుల్లోనూ కనిపించాయి.

మూడో అంతస్తులో ఉండే దివాకర్‌ను ఆమెకు కొడుకుగా నియమించారు. నలభై దాటినవాడు, పెళ్లి చేసుకోలేదు, బీమా కంపెనీలో సర్వేయరు. పసితనంలోనే తల్లి పోతే బంధువుల ఇళ్ల వరండాల్లో పెరిగాడు. నియామకం నాడు టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్ పరాంకుశంతో తనకు తల్లి అలవాటు లేదని మర్యాదగానే చెప్పాడు. అలవాటును సంస్థ పరిగణనలోకి తీసుకోదని పరాంకుశం అంతే మర్యాదగా బదులిచ్చాడు. కింద వాటాలోని దర్జీ ఖాదర్ బాషా మాణిక్యాంబకు తమ్ముడయ్యాడు, ఆ వరసన దివాకర్‌కు మేనమామ.

“ముక్కు బానే ఉందక్కా,” అన్నాడు ఖాదర్ అద్దంలో చూసుకుని, “కళ్లజోడే ఓ పక్కకి జారిపోతంది. నువ్వెట్టా నెట్టుకొచ్చావు ఇన్నేళ్లు?”

ఒక కుటుంబానికి ఒకే వంటగది ఉండాలి గనుక మాణిక్యాంబ వంటగదిని ఉంచి, మిగతా ఏడింటిని సామాన్ల గదులుగా నమోదు చేశారు. మూడు మతాలు, ఐదు కులాలు ఒకే పొయ్యి మీది అన్నం తిన్నాయి. అద్దెకు వచ్చేవాడి ఇంటిపేరు విని కులం లెక్కగట్టే కాలనీలో ఇది ఉత్తర్వు లేకుండా సాధ్యమయ్యేది కాదని అందరూ ఒప్పుకున్నారు.

పరాంకుశం అప్పుడప్పుడు తనిఖీకి వచ్చేవాడు. భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలాన్ని టేపుతో కొలిచి, అదే టేపుతో ముక్కులు కొలిచేవాడు. కొలతలు సరిపోయినా అతనికి ఒక అనుమానం మిగిలి ఉండేది. ఇంట్లోవాళ్లు ఒకరినొకరు ‘అండీ’ అని పిలుచుకుంటూ మెల్లగా మాట్లాడుకోవడం నిజమైన కుటుంబ లక్షణం కాదని అతని అనుభవం. ఆ అనుమానం రెండో తనిఖీలో తీరింది. దివాకర్ జ్వరంతోనే ఆఫీసుకు బయలుదేరి మెట్లు దిగుతున్నాడు. మాణిక్యాంబ అడ్డంగా నిలబడింది.

“ఒళ్లు కాలిపోతంటే ఎక్కడికిరా? ఆ కంపెనీ నీ తాతదా?”

“వెళ్లాలమ్మా, జరుగు.”

“జరగను. నన్ను దాటిపో, చూస్తాను.”

అతను దాటలేదు. ఆమె వాటాలోనే రెండు రోజులు పడుకుని, ఆమె పెట్టిన జావ తాగాడు. కుటుంబం సక్రమమని పరాంకుశం ధ్రువీకరించాడు. ఆ తర్వాత ప్రతి ఉదయం దివాకర్ రెండో అంతస్తు దగ్గర ఆగి మెడ వంచేవాడు. ఆమె అతని చొక్కా కాలర్ సరిచేసి వెన్ను మీద ఒకటి చరిచేది. ఈ పని ఏ నిబంధన కిందికీ రాదు.

తరువాతి ఏడాది ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం ప్రకటించింది. ఒక ఇంటి ప్లాట్లలో కట్టిన పలు వాటాలను ఉన్నవి ఉన్నట్టుగా గుర్తిస్తారు. వాటాదారులు విడి కుటుంబాలవుతారు, ఎవరి తలుపు వారి పేరనే నమోదవుతుంది. అందరూ దరఖాస్తు చేశారు. ఉమ్మడి కుటుంబపు వాటాను బ్యాంకు తాకట్టు పట్టదు, మిగతావారు ఒప్పుకోనిదే అమ్మడానికీ వీలుండదు. ప్రేమకూ దీనికీ సంబంధం లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు, అది నిజమే. ఇంటి పెద్ద సంతకం మాత్రం తప్పనిసరి. ఆమె పెట్టకపోతే అందరూ ఎప్పటికీ ఆమెవారే.

దరఖాస్తు తీసుకుని వచ్చినవాడు దివాకర్. కాగితం ఆమె ముందు పెట్టాడు.

“చిన్నప్పట్నుంచీ ఒకళ్ల గుమ్మంలోనే ఉన్నానమ్మా. నా పేరున ఒక్క తలుపుంటే చాలనిపిస్తది.”

“సంతకం పెడితే నువ్వు నాకేమవుతావురా?”

“పై వాటా ఆయన్నవుతాను.”

మాణిక్యాంబ కళ్లజోడు తెమ్మంది. కొడుకు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. పరాయి మనిషి అడిగి ఉంటే ఆమె నిస్సందేహంగా కాదని ఉండేది. తల్లి గనుక పెట్టింది.

మంజూరు ఉత్తర్వు వచ్చిన రోజు ముక్కులు పై అంతస్తు నుంచి కిందికి వరసగా యథాస్థితికి వచ్చాయి. ఖాదర్ కళ్లజోడు సరిగ్గా నిలిచింది. బంధుత్వంతోపాటు దాని జ్ఞాపకాన్నీ సంస్థ వెనక్కి తీసుకుంది. మాణిక్యాంబ విషయంలో మాత్రం చర్య అవసరం లేదని తేల్చారు. ప్రమాణం ఆమెదే గనుక ఆమెలో మార్చవలసినదేమీ లేదు.

మర్నాడు ఆమె క్యారియర్ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి బెల్లు కొట్టింది. తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి సూటి ముక్కున్న ఒక మనిషి చూశాడు. తలుపు మీద అతని పేరు ఇత్తడి అక్షరాల్లో మెరుస్తోంది.

“ఎవరు కావాలండీ?”

ఆమె ఆ అక్షరాలను చివరిదాకా చదివింది.

“పొరపాటున ఒక అంతస్తు ఎక్కువెక్కాను బాబూ.”

“పర్లేదండీ,” అని అతను తలుపు వేసుకున్నాడు. చప్పుడు కాకుండానే వేసుకున్నాడు.

తుది తనిఖీకి పరాంకుశం ఒక ఉదయం వచ్చాడు. మెట్ల మీద ఎదురైనవారు ఒకరికొకరు దారి ఇచ్చి, ఫోన్లు చూసుకుంటూ దిగిపోతున్నారు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. నగరంలోని సక్రమమైన భవనాలన్నిటిలోలాగే ఇక్కడా అంతా సవ్యంగా ఉంది. ఒక్క దివాకర్ మాత్రం రెండో అంతస్తు దగ్గర ఆగి, మూసిన తలుపు ముందు కాసేపు మెడ వంచి నిలబడ్డాడు. తలుపు అవతల గాజుల చప్పుడైంది, ఆగిపోయింది.

ఎందుకు ఆగారని పరాంకుశం అడిగాడు. బూటు లేసు ఊడిందని దివాకర్ చెప్పాడు. అతని కాళ్లకు చెప్పులున్నాయి.

నిబంధనల ప్రకారం పది శాతం వరకు అతిక్రమణను ఉపేక్షించవచ్చు. పరాంకుశం టేపు చుట్టి జేబులో పెట్టుకుని, ఇది ఆ పరిమితికి లోబడే ఉందని, చర్య అవసరం లేదని రాశాడు. మిగిలిన తొంభై శాతం పూర్తిగా సక్రమం.