కొండ లేని కొత్త వర్షన్

ఒక దేశం ఎంత ముందుకు పోయిందో చెప్పేవి వంతెనలూ కాదు, ఆసుపత్రులూ కాదు, కొత్త వర్షన్లు. వచ్చిందంటే వేసుకోవాలి. ఎందుకని అడిగేవాడు పాత వర్షన్ మనిషి. ఈ సత్యాన్ని నేను గనుల టౌన్‌షిప్ శిక్షణ కేంద్రంలో, జీతం తీసుకుంటూనే నేర్చుకున్నాను.

మాది మద్దేడ్ అనే అడవి ఊరు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ని నేనే. నా పని కంప్యూటర్ ఆటలు తయారుచేయడం. ("ఏంది బిడ్డా, ఆటలకు జీతమిస్తున్నరా?" అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో గొంతు తగ్గించి అడుగుతుంది, పక్కింటివాళ్లు వింటే ఉద్యోగం పోతుందన్నట్టు.) నేను చేసిన ఆటలో ఖనిజం నింపుకున్న డంపర్ కొండదారిలో కిందికి దిగుతుంది. డ్రైవర్ కావాలనుకున్న హెల్పర్లు ముందు ఇందులో పాసవ్వాలి. ఆ తర్వాతే అసలు డంపర్ తాళం చేతికిస్తారు.

ఆటలో ఒక నియమం ఉంది: కొండ మలుపు దగ్గర ఆగి, హారన్ కొట్టి, అప్పుడు కదలాలి. నిజం డ్రైవర్లు అక్కడ ఎందుకు ఆగుతారో అందరికీ తెలుసు. కొండ మీద తల్లి ఉంది; దండం పెట్టకుండా ఎవరూ దాటరు. ఆ మాట నియమావళిలో రాయలేం కనుక "ఎదుటి వాహనం కోసం" అని రాశాం. (తల్లి నుంచి ఇంతవరకు ఫిర్యాదు రాలేదు.)

పరీక్షకు ముందురోజు, ఆటలు తయారుచేయడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వర్షన్ వచ్చింది. తెర మీద రెండు మీటలు: "ఇప్పుడు", "కాసేపటి తర్వాత". "వద్దు" అనే మీట లేదు. పైనుంచి ఏ కాగితం వచ్చినా వేలిముద్ర వేసి పంపిన ఇల్లు మాది. "వద్దు" ఎక్కడ రాయాలో వెతకడం డిగ్రీలో కూడా చెప్పలేదు. పైగా చదువుకున్నవాణ్ని, తర్వాత అంటే బాగుండదని "ఇప్పుడు" నొక్కాను.

ఆట తెరిచాను. డంపర్ ఉంది. దారి ఉంది. కొండ లేదు. దేని చుట్టూ తిరుగుతోందో మరిచిపోయినట్టు దారి గాలిలో వంకరలు పోతోంది. వెనక్కి వెళ్దామంటే, "మీ ప్రాజెక్టు ముందుకు వెళ్లిపోయింది" అంది సాఫ్ట్‌వేర్. పాత ప్రతి దాచుకోలేదా అని మీరడగవచ్చు. దాచమని ఎవరూ ఆదేశించలేదు.

సహాయ విభాగానికి రాశాను: "నా కొండ కనిపించడం లేదు." జవాబు వెంటనే వచ్చింది. "మీ కొండ పోలేదు. అవసరం లేదని గుర్తించి తొలగించాం. ఇది లోపం కాదు. ఈ జవాబు మీకు ఉపయోగపడిందా?" అంత మర్యాదగా అడిగినప్పుడు కాదనలేక, ఉపయోగపడిందని నొక్కాను.

మర్నాడు పరీక్షకు ముయా మామ వచ్చాడు. కొంటా వైపు దొర్ల తెగ మనిషి. వరస కలుపుకొని నన్ను అల్లుడంటాడు. డంపర్ల దగ్గర హెల్పర్‌గానే జుట్టు నెరిసింది. వయసు హద్దు ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. పాసైతే స్టీరింగ్. లేదంటే ఆగిన బండి చక్రాల కింద అడ్డు పెట్టే పనే.

"కొండ ఏడ బోయింది అల్లుడా?"

"కొత్త వర్షన్ మామా. తీసేసిండ్రు."

"నిన్ను అడగకుండనేనా?"

"అడిగిండ్రు. ఇప్పుడు తియ్యాల్నా, తర్వాత తియ్యాల్నా అని."

మామ నవ్వాడు. "మా ఊర్ల గూడ గట్లనే అడిగిండ్రు" అంటూ సీట్లో కూర్చున్నాడు.

పరీక్ష వాయిదా వేయమని శిక్షణాధికారి శ్రీరంగం గారిని బతిమాలాను. ఆయన కోస్తా మనిషి, కోపం ఎరగరు. "వాయిదాకి కారణం రాయాలి కదయ్యా. కొండ కనబడ్డంలేదని రాస్తే, ముందు మనిద్దరి కళ్లూ పరీక్ష చేయించమంటారు" అన్నారు.

మామ డంపర్‌ను నూనె జారినట్టు దింపాడు. మలుపు వచ్చింది. ఎదురుగా ఖాళీ. మామ బ్రేకు తొక్కాడు, రెండు చేతులూ జోడించాడు, హారన్ కొట్టాడు, అప్పుడు కదిలాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "కారణం లేకుండా వాహనం నిలిపినందున విఫలం." కొండతోపాటు మలుపు నియమమూ పోయిందని నాకప్పుడు తెలిసింది.

"ఎందుకాగావయ్యా? అక్కడేం లేదుగా" అన్నారు శ్రీరంగం గారు.

"తీసిన సంగతి అమ్మకు ఎరుక లేదు గద సారూ."

తప్పు నాదని, ఆట నాదని, మామను పాస్ చేయమని నేను అడ్డుపడ్డాను. శ్రీరంగం గారు నా భుజం తట్టారు. "ఇందులో తప్పేముంది? మనం తవ్వుతున్నది దేనికి? కొండంతా తవ్వడం పూర్తయ్యాక దారెలా ఉంటుందో ఇంతవరకు ఏ శిక్షణలోనూ చూపించలేదు. దీన్ని ముందుచూపు అంటారు. అతనికి అలవాటు కాలేదు, అంతే."

ముయా మామ చక్రాల కింద అడ్డు పెట్టడానికి వెళ్లిపోయాడు. నాకు ముందుచూపు కింద ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని మీద రంగుల్లో కొండ బొమ్మ ఉంది, పాత వర్షన్‌ది.