రెండు సున్నాలు, ఒక గైర్హాజరు

మనం నోరు విప్పి చెప్పకుండానే మన మనసులో ఏముందో కనిపెట్టేసే కంప్యూటర్ దొరకడం మానవజాతి చేసుకున్న పుణ్యం! ఈ మాట అన్నందుకు ప్రోగ్రామర్లు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. నేను మాత్రం వెనక్కి తగ్గను.

సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఏ ప్రోగ్రామైనా పని మొదలుపెట్టే ముందు ఒక సెట్టింగుల ఫైలు చదువుకుంటుంది. మనం అందులో ఒక పక్క పేరు, ఇంకో పక్క దాని విలువ రాస్తాం. ఆ రాసింది అంకెనా, మాటా, తేదీయా, అవునూ కాదూ అనే జవాబా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి కదా? కొన్ని చాదస్తపు ప్రోగ్రాములు ‘ఇదేమిటో ముందు చెప్పు, తర్వాతే చదువుతా’ అని గుమ్మంలోనే నిలబెట్టేస్తాయి. మా కంపెనీకి వచ్చింది అలాంటిది కాదు. చాలా కలుపుగోలు మనిషి. చూడగానే తనే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది.

మాది కళ్లద్దాలు తయారుచేసే కంపెనీ. నేనక్కడ ఆఫీసు సూపరింటెండెంటుని. మా యజమానిగారి అల్లుడు ఈ ప్రోగ్రామును తెచ్చి, సెట్టింగుల ఫైలు నింపే బాధ్యత నామీద పెట్టాడు. రెండు వేళ్లతో, మూడు రోజులపాటు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను.

ఫలితాలు అద్భుతం. భోజన విరామం 12:30 అని రాస్తే, అది పన్నెండు అరవైలూ ముప్ఫై అని గుణించి 750గా పుచ్చుకుంది. అడక్కుండా ఎక్కాలు అప్పజెప్పే ఉద్యోగి మీ ఆఫీసులో ఉన్నాడా? మూడో రకంలో పదోదైన 3.10 అనే లెన్సు మోడల్‌ను చూసి, చివరి సున్నా దండగనుకుని 3.1 చేసింది. దాంతో పదో మోడల్ అడిగిన షాపులకు మొదటి మోడల్ వెళ్లింది. కొత్త లెన్సుల విభాగానికి మేం పెట్టుకున్న కోడ్ ఇంగ్లీషులో ఎన్, ఓ. యంత్రం దాన్ని ‘కాదు’ అని చదువుకుని, ఆ విభాగం ఎదురుగా ‘అసత్యం’ అని చూపించింది. అందులో పదకొండుమంది పనిచేస్తున్నారు. వాళ్లలో ఇద్దరి విషయంలో నాకూ ఎప్పటినుంచో అదే అనుమానం.

ఇందులో వింతేముంది చెప్పండి? పేపరు చదువుతూ నేను ‘ఊఁ’ అంటే మా ఆవిడ దాన్ని ఒప్పుకోలుగా జమకట్టదూ? ఆ ‘ఊఁ’ పుణ్యమా అని మా హాలుకు ముదురాకుపచ్చ రంగు పడింది. మా బావమరిది నెల్లాళ్లు మా ఇంట్లో ఉన్నాడు. ఒక్కసారైనా ఎవరైనా నన్ను ‘ఆ ఊఁకి అర్థమేమిటి?’ అని అడిగారా? సంసారాలే అలా నడిచిపోతుంటే కంప్యూటర్‌ను తప్పుపట్టడం ఏం న్యాయం?

ఇక అసలు మేలు దగ్గరికి వస్తాను. మా గేటు దగ్గర పూర్వం ఒక రిజిస్టరు ఉండేది. వచ్చినవాళ్లు సంతకం పెట్టేవాళ్లు, వాచ్‌మన్ తాత ముఖం చూసి తలూపేవాడు. ఇప్పుడు కార్డు గీకితే చాలు. కార్డు మీది నంబరు సెట్టింగుల ఫైల్లో ఉన్న నంబరుతో కలిస్తే హాజరు, కలవకపోతే గైర్హాజరు. కంపెనీ పెట్టినప్పుడు చేరిన వందలోపు మందికి నంబర్లు రెండు సున్నాలతో మొదలవుతాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లకు వెయ్యి నుంచి ఇచ్చాం. సున్నాలవాళ్లలో ఇప్పుడు మిగిలింది ముగ్గురం. నేను 0089. స్టోర్ కీపర్ 0098. చెకింగ్ విభాగంలో పనిచేసే, కంపెనీ అంతా అక్క అని పిలిచే ఆవిడ 0047.

తయారైన ప్రతి అద్దాన్నీ దీపం ముందు పెట్టి, గీత ఉందా, బుడగ ఉందా అని చూసి పంపేది ఆ అక్కే. ఇరవై రెండేళ్లుగా అదే పని. చెకింగ్ హెడ్‌గా ఉన్నాయన ఈమధ్యే రిటైరయ్యాడు కాబట్టి ఆ కుర్చీ ఇక అక్కదేనని అందరం అనుకుంటున్నాం. అలాంటి సమయంలో కంప్యూటర్ తీసిన రిపోర్టులో ఆవిడ ఐదు వారాలుగా ఒక్కరోజు కూడా పనికి రాలేదని తేలింది.

నాకు ఆశ్చర్యం వేసింది. అయినా ఆలోచించాను. యంత్రం తప్పయితే సున్నాల నంబర్లన్నీ తప్పుకావాలి. నాదీ, స్టోర్ కీపర్‌దీ బంగారంలా ఉన్నాయి. అంటే తప్పు ఆవిడదే! ఇంత పకడ్బందీ తర్కానికి మురిసిపోయి, ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో వారంలోగా రాతపూర్వకంగా చెప్పమని నోటీసు టైపు చేయించి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా టేబులు ముందు నిలబడింది.

“నేను ఐదు వారాలుగా రావట్లేదని రాశారు సార్.”

“సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా. నేనేం చేయను?”

“మొన్న మీ కొత్త కళ్లద్దాల్లో కుడివైపు లెన్సు తేడాగా ఉందని మార్చి ఇచ్చాను కదా. అవి పెట్టుకునే దీనిమీద సంతకం పెట్టారా?”

నేను అద్దాలు తీసి తుడుచుకున్నాను. నిజానికి వాటిమీద దుమ్మేమీ లేదు.

అల్లుడుగారిని పిలిపించాం. ఆయన ఫైలు చూసి నవ్వాడు. “ముందు సున్నా ఉంటే ఇది ఎనిమిదుల లెక్కలో చదువుతుంది అంకుల్. నాలుగు ఎనిమిదులు ముప్ఫై రెండు, పైన ఏడు. అందుకే 47 కాస్తా 39 అయిపోయింది.”

“మరి నాది కాలేదేం?”

“ఆ లెక్కలో ఎనిమిది, తొమ్మిది అనే అంకెలే ఉండవు. మీ నంబర్లో అవి ఉన్నాయి కాబట్టి, ఇదేదో మాటలే అనుకుని వదిలేసింది. నంబరుకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి. అప్పుడు లెక్కలు కట్టకుండా ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది.”

“నాకెవరు చెప్పారు?”

“మాన్యువల్లో ఉంది కదా.”

ఐదు వారాలుగా నా హాజరు చూసి నా క్రమశిక్షణ అనుకున్నాను. ఎనిమిది, తొమ్మిది అంకెల దయని ఆరోజే తెలిసింది. సిగ్గేసింది, దాచను.

అప్పుడు అక్క అడిగింది. “అది యంత్రం సార్, దానికి తెలీదు. నేను మీకు నాలుగు గదుల అవతలే ఉంటాను. సంతకం పెట్టేముందు ఒక్కసారి వచ్చి చూడలేకపోయారా?”

నోటీసు వెనక్కి తీసుకున్నాం. ‘మీరు వచ్చినట్లుగా యాజమాన్యం అంగీకరిస్తున్నది’ అని నేనే లేఖ రాశాను. ఇరవై రెండేళ్ల సర్వీసుకు అంతకన్నా గొప్ప సన్మానం మా దగ్గర లేదు. చెకింగ్ హెడ్ కుర్చీ కూడా ఆవిడకే వచ్చింది. మొదటిరోజే నన్ను పిలిచి, దీపం ముందు కూర్చోబెట్టి, గోడమీది అక్షరాల అట్ట చూపించింది.

“కింది వరుస కనిపిస్తోందా సార్?”

“శుభ్రంగా కనిపిస్తోంది.”

“మరి ఇక్కడున్న నేను?”

తలూపాను. ఆవిడ నా అద్దాలు తీసి, ఒకసారి తుడిచి మళ్లీ చేతికిచ్చింది.

ఇప్పుడు ఫైల్లో ప్రతి నంబరుకీ అటూ ఇటూ గుర్తులు పెట్టాను. మొదట 0047కే పెట్టాను. అప్పటినుంచి యంత్రం నేనేం రాస్తే అదే చదువుతోంది. సొంత తెలివి చూపించడం మానేసింది. నా బాధంతా అక్కడే ఉంది. పాఠకులారా, మీరు మాత్రం పొరపాటున కూడా ఆ గుర్తులు పెట్టకండి! పెట్టిన రోజు నుంచీ ఎవరైనా కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడితే, సిస్టమ్‌లో అలా చూపిస్తోందని చెప్పడానికి వీలుండదు. లేచి నాలుగు గదుల అవతలికి వెళ్లి చూసి రావాలి.