మొహం మాది, కాళ్లు కంప్యూటరువి

కుటుంబ గౌరవ పరిరక్షణలో కృత్రిమ మేధ నిర్వహించవలసిన పాత్ర గురించి ఉత్తరాంధ్ర మొత్తమ్మీద సాధికారంగా మాట్లాడగలవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో, ఇడ్లీబండికి ఎదురుగా, ఫొటోలు, వీడియోలు, ఫ్లెక్సీల కొట్టు నడుపుతున్నాడు. పేరు ఢిల్లీశ్వరరావు. అది నేనే! సొంత డబ్బా అనుకోకండి. ఆ డబ్బా కొట్టడానికి వేరే మనిషిని పెట్టుకునే స్తోమత నాకింకా రాలేదు.

నా విద్య చాలా చిన్నది. పేరున్న నర్తకీమణి ఎవరైనా ఆడిన వీడియో ఒకటి తీసుకుంటాను. ఆవిడ మొహం తీసేసి మీ మొహం పెడతాను. ఒళ్లు ఆవిడదే, గజ్జెలు ఆవిడవే, ఏళ్ల తరబడి చేసిన సాధనా ఆవిడదే. చప్పట్లు మాత్రం మీవి! ఇప్పుడు పలాస చుట్టుపక్కల సంగీత్ లేని పెళ్లిని పెళ్లిగా ఎవరూ లెక్కచెయ్యడం లేదు గనక నాకు చేతినిండా పని.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, ఉద్దానంలో కొబ్బరితోటలు, వెనకటికి కొంత సర్పంచిగిరీ ఉన్న కృష్ణారావు గారు ఒకరోజు మా కొట్టుకి వచ్చారు. రాగానే తలుపు దగ్గరగా వేశారు.

"ఒరే ఢిల్లీ! మా జాహ్నవి పెళ్లికి సంగీత్ పెడతన్నాం. మగపెళ్లోరు, ఆ టెక్కలోళ్లు, అడిగీసేరు. మీ వైపు డ్యాన్సులేటైనా ఉంటాయా బావగారూ అని మా వియ్యంకుడు పోలారావు గారు నలుగుర్లోన అడిగీసేరు. లేవని ఎలగ సెప్పగలను?"

"అయితే అమ్మాయిగారి చేత ఓ పాటకి ఆడించండి బాబూ."

"మతుండే మాటాడతన్నావా? మా ఇంట ఆడపిల్ల నలుగుర్లోన కాలు కదుపుతాదేటి? మొన్న ఒక పిల్ల కాలేజీలో టేజీ మీద ఆడిందని ఈ పోలారావు గారే ఆ సంబంధం ఒగ్గీసేరు. మా పిల్ల ఆడిందంటే ఇదీ అంతే!"

"మరి డ్యాన్సు ఉండాలంటున్నారు?"

"ఉండాల."

"ఆడకూడదంటున్నారు?"

"ఆడకూడదు."

డ్యాన్సు ఉండాలి, ఎవరూ ఆడకూడదు. వెనకటికి ఇలాంటి ధర్మసందేహాలు ఋషులకి వచ్చేవి. ఇప్పుడు మా కొట్టుకి వస్తున్నాయి. నేను గొంతు సవరించుకుని, "మొహం మీది, కాళ్లు కంప్యూటరువి" అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. "సూసినోళ్లకి డ్యాన్సు, అడిగినోళ్లకి కంప్యూటరు! ఒరే, నువ్వు ఈ సందులో ఉండాల్సినోడివి కావురా!" అన్నారు.

ఎవరి మొహం ఏ వీడియోకో కూడా ఆయనే ఖరారు చేశారు. కూతురికి మాత్రం సముద్రిక వీడియోయే కావాలన్నారు. సముద్రిక అంటే మా జిల్లాలో తెలియని ఫోను లేదు. నల్లటి పరదా ముందు ఇత్తడి పళ్లెం అంచుల మీద రెండు పాదాలూ మోపి, ఆ పళ్లాన్ని నడిపిస్తూ కూచిపూడి ఆడుతుంది. పది లక్షలమంది చూశారు. ఆవిడది ఏ ఊరో, ఎవరి పిల్లో ఒక్కరికీ తెలియదు. "ఆడితే అలగ ఆడాల. పెంపకం అంటే అదీ!" అన్నారు కృష్ణారావు గారు.

మర్నాడు జాహ్నవి మొహం అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించుకోవడానికి వాళ్లమ్మ ధనలక్ష్మి గారితో వచ్చింది. అమ్మగారు జాకెట్టుకి లేసు చూసొస్తానని పక్క కొట్టుకి వెళ్లగానే ఆ అమ్మాయి నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, సముద్రిక మొహం తీసి నా మొహం పెడతావు కదా. ఆ మొహం కింద ఎవరున్నారో తెలుసా?"

"ఎవరమ్మా?"

"నేనే."

నా చేతిలో మౌసు జారింది.

"ఏడో తరగతిలో నాన్న నా గజ్జెలు అటకెక్కించీసేరు. వైజాగ్‌లో ఇంజినీరింగు చదివినప్పుడు మళ్లీ నేర్చుకున్నాను. వీడియో పెడితే ఇంట్లో తెలిసిపోద్ది కదా. అందుకని ఈ లోకంలో లేని మొహం ఒకటి కంప్యూటరు చేత చేయించి నా మొహం మీద పెట్టీసేను. ఆ మొహానికి సముద్రిక అని పేరెట్టేను."

"అంటే ఇప్పుడు ఆ దొంగ మొహం తీసేసి మీ మొహం పెడితే..."

"నిజమైపోద్ది!" అని పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "పది లక్షలమంది చూసేరన్నా. నన్ను మాత్రం ఒక్కలూ చూళ్లేదు. పెళ్లయితే ఈ మాత్రం కూడా ఉండదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నా మొహంతో నేను ఆడాలి. అది నేనేనని అందరూ చూడాలి."

నా గుండె కలుక్కుమంది. కానీ కలుక్కుమన్న గుండెతో వ్యాపారం సాగదు గదా! "సంబంధం పోతుంది తల్లీ, ఆ మాట ఎక్కడా అనకు" అన్నాను.

ఆ పిల్ల హ్యాండ్‌బ్యాగులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ, తెర మీదైనా చూడనీ. ఏ మొహమూ పెట్టని అసలు వీడియో ఇది. దీన్నే వేసీ."

అలా మా స్టూడియో చరిత్రలోకెల్లా గొప్ప మొహంమార్పిడి నేను వేలు కూడా కదపకుండానే పూర్తయిపోయింది. కింద మా పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేశాను.

సంగీత్ సాయంత్రం పలాస కళ్యాణమండపంలో ఇసకేస్తే రాలనంత జనం. కృష్ణారావు గారు మైకు పుచ్చుకున్నారు. మైకు పట్టుకుంటే ఆయన భాష మారిపోతుంది.

"సభకు నమస్కారం. ఒక పక్క మూలపేటలో పోర్టు వస్తున్న ఈ తరుణంలో మనం వెనకబడి ఉండరాదు. కావున, మా కుటుంబ సంప్రదాయాలకు ఎటువంటి భంగమూ వాటిల్లకుండా ఈ నృత్య కార్యక్రమాన్ని ఏర్పాటు చేయడమైనది. ఇందులో మొహాలు మావి, కాళ్లు కంప్యూటరువి. ఎవరూ అపార్థం చేసుకోవద్దని మనవి!"

చప్పట్లు! ముందు ధనలక్ష్మి గారు తెర మీద లేడిపిల్లలా గెంతారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ అసలు శరీరం కింద సోఫాలో కూర్చుని తన గెంతులు తనే నోరు తెరిచి చూసింది. తరవాత కృష్ణారావు గారు కుర్రాడిలా గిర్రున తిరిగారు. ఆయన తిరిగిన కాసేపటికి ఆయన మీసం తిరిగింది. హాలు ఈలలతో ఊగిపోయింది.

ఆఖర్న జాహ్నవి వీడియో వేశాను. ఈలలు ఆగిపోయాయి. తెర మీద ఆ పాదాలు, ఆ పళ్లెం, ఆ కళ్లు! చివరి వరుసలో బజ్జీలు తింటున్నవాళ్లు కూడా నమలడం ఆపేశారు. అయిపోయాక పోలారావు గారు మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పారు.

"అన్నీ బాగున్నాయి గాని బావగారూ, ఈ ఆఖరిదే మరీ కంప్యూటరని తెలిసిపోతంది. మనిసన్నది పళ్లెం మీద అలగ నిలబడగలదేటి? అతి సేసీసేడు కుర్రోడు. మీ డ్యాన్సు సూడండి, అదీ నేచురల్ అంటే!"

వేదిక మీద పెళ్లికొడుకు ధీరజ్ పక్కన కూర్చున్న జాహ్నవి లేచి నిలబడింది.

"మనిషి నిలబడతాదండి మావగారూ" అంది.

అని, చీర కుచ్చిళ్లు ఎత్తి నడుంలో దోపుకుంది. మర్నాడు పెళ్లికొడుకు కాళ్లు కడగడానికి కొన్న ఇత్తడి పళ్లెం సామానుతోపాటు ముందు బల్ల మీద ప్రదర్శనకి పెట్టి ఉంది. దాన్ని తెచ్చి వేదిక మధ్య వేసింది. నా వైపు చూసి, "అన్నా, పాట మళ్లీ వేసి బొమ్మ తీసీ" అంది. తీసేశాను.

ఇంక చూడండి! వీడియోలో లేని చప్పుడు ఒకటి హాలంతా వినబడింది. గ్రానైటు మీద ఇత్తడి రాసుకుంటున్న చప్పుడు. పాదాలు అంచుని పట్టుకుని పళ్లాన్ని ముందుకి నడిపిస్తుంటే, పైన చేతులు వేరే లోకంలో ఉన్నాయి. ధీరజ్ తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. నాకైతే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందని అడక్కండి, వచ్చింది.

పాట ఆగింది. ఒక్క చప్పట్టూ లేదు. జనమంతా పోలారావు గారి మొహం చూస్తున్నారు. ఆ మొహం కాకరకాయ కొరికినట్టు ఉంది. సంబంధం ఉండడం, ఊడడం ఆ ఒక్క మొహంలో తేలాలి.

కృష్ణారావు గారు మైకు మీద పడ్డారు.

"సభకు మనవి! ఇప్పుడు మీరు చూసినది కూడా కంప్యూటరే!"

హాలు బిత్తరపోయింది. పిల్ల పది అడుగుల దూరంలో నిలబడి రొప్పుతోంది!

"లేటెస్టు మోడలు! దీనికి తెర అక్కర్లేదు. మన ఢిల్లీశ్వరరావు తయారు చేసినాడు. ఒరే ఢిల్లీ, లేసి దండం పెట్టు!"

లేచాను. పెట్టాను. ఏం చెయ్యమంటారు?

పోలారావు గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ మొహం మెల్లిగా విచ్చుకుంది. "నేనూ అదే అనుకున్నాను! మన ఇళ్లల్లో ఆడపిల్లలు ఇలగ ఆడతారేటి! కాలివేళ్లు కూడా ఎంత బాగా తీసేవయ్యా!" అన్నారు. ఇంక చప్పట్లే చప్పట్లు! ఒక రిటైర్డు హెడ్మాస్టరు, గాలిలో బొమ్మ ఎలా కడతారో పక్కవాళ్లకి వివరంగా చెప్పడం మొదలెట్టారు. నాకు శాలువా కప్పారు.

శాలువా కప్పుకుని ఆ పిల్ల వైపు చూడలేకపోయాను. పళ్లెం మీంచి దిగలేదు. తన మొహంతోనే ఆడింది. ఇంతమంది కళ్లెదుటే ఆడింది. అయినా ఆ అమ్మాయిని ఎవరూ చూడలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని అలా నిలబడిపోయింది.

అప్పుడు ముందు వరుసలోంచి పోలారావు గారి తల్లి బొడ్డమ్మ గారు లేచింది. వద్దన్నా వినకుండా మెట్లెక్కి జాహ్నవి దగ్గరికి వెళ్లింది. చీర చెంగుతో ఆ అమ్మాయి నుదురు తుడిచి, తడిసిన చెంగు కొడుక్కి ఎత్తి చూపించింది.

"ఒరే పోలిగా! ఈ కంపూటరుకి సెమట్లట్టేసినాయిరా. ఎవులైనా మంచినీలట్రండి!"

ఎవరూ కదల్లేదు. నీళ్లిస్తే మనిషని ఒప్పుకున్నట్టే గదా! ధీరజ్ ఒక్కడే గబగబా వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. జాహ్నవి గటగటా తాగింది. ముసలావిడ గ్లాసు తీసుకుని వేదిక మీద పళ్లెం పక్కనే చతికిలబడింది.

"కంపూటరేనని పెద్దలందరూ ఒప్పీసుకున్నారు కదమ్మా, ఇంక మన పరువుకేటీ కాదు" అంది. "ఇంకోటి ఆడు."