పది లీటర్ల మురికినీళ్ళు

బుధవారం పొద్దున్న జగన్నాధం చేయవలసిన పని ఒక్కటే. పది లీటర్ల మురికినీళ్ళ డబ్బా పట్టుకొని ఎనిమిదిన్నర బస్సెక్కాలి, పది గంటలకల్లా విజయనగరంలో కాలేజీ లేబుకి చేర్చాలి. అందులో తప్పు జరగడానికి చోటే లేదు. అయినా అతనికి నాలుగింటికే మెలకువ వచ్చేసింది.

ఆ డబ్బా మేనకోడలు శైలజ కోసం. రామతీర్థం దాటాక ఉండే వాళ్ళ ఊళ్ళో తాగేనీటి నూతిలో సీసం కలిసిందని మూడేళ్ళ కిందట కనిపెట్టింది ఆ పిల్లే. తాటిటెంకల్ని గాలి తగలకుండా కాల్చితే వచ్చే బొగ్గు ఆ సీసాన్ని పట్టేస్తుందట. దాన్ని బయోచార్ అంటారు. లేబులోని శుభ్రమైన నీళ్ళలో సీసం కలిపి చూస్తే నూటికి తొంభై పాళ్ళు పట్టేసింది. అదే బొగ్గు ఊరి నీళ్ళలో వేస్తే అరవై రెండు పాళ్ళకే చతికిలబడింది. ఎందుకని అడిగితే శైలజ అతనికి అర్థమయ్యేలాగే చెప్పింది.

"బొగ్గు నిండా సన్నసన్న సీట్లున్నాయనుకో మావయ్యా. నుయ్యి పక్కనే బంద ఉంది గదా? అందులో ఆకులూ నాచూ కుళ్ళిన సారం నూతిలోకి ఊరతాది. అది ముందే ఎక్కీసి సీట్ల మీద తువ్వాళ్ళు ఏసీసుకుంతాది. ఎనక ఎక్కిన సీసానికి సీటేదీ? నీళ్ళలోనే నిలబడిపోతాది."

ఆ ఊళ్ళో చిన్న చెరువుని బంద అంటారు. డబ్బాలోవి ఆ బంద నీళ్ళే. అవి ఎంత గోధుమరంగుగా ఉంటే శైలజకి అంత మంచిది. బయటి నుంచి ప్రొఫెసర్ మోహనకృష్ణ గారు ఇవాళ పరీక్ష చేయడానికి వస్తున్నారు. ఆయన కళ్ళెదుట లెక్క మళ్ళీ అరవై రెండు దరిదాపుల్లోకి వస్తే డాక్టరేటు. రాకపోతే ఇంక చదువు కట్టిపెట్టి ఇంటికి రమ్మన్నాడు శైలజ తండ్రి. మూడేళ్ళ కిందట పిల్లని చదివించమని ఆ బావగారిని బతిమాలి ఒప్పించినవాడు జగన్నాధమే. "నీల్ల సంగతి నాకొదిలీ" అని మొన్న గొప్పగా అన్నవాడూ అతనే.

ఎనిమిదీ పావుకి డబ్బా ఎత్తబోయి, అనుమానమొచ్చి మూత తీశాడు. లోపల నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా ఉన్నాయి. అడుగున పడ్డ గీతలు కూడా కనబడుతున్నాయి.

"ఓలమ్మో! దాలమ్మా! ఏటి సేసినావే?"

అతని భార్య దాలమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అరుస్తావేటి? రేత్రి సూసినాను, డబ్బా నిండా పెంట నీల్లు. కుండలో ఒంపి, సిల్లగింజ అరగదీసినాను. మడ్డంతా అడుక్కి దిగిపోనాది. పొద్దున్న గుడ్డేసి వడగట్టి పోసినాను. ఆడపిల్ల సదివే సోటికి ఆ నీల్లు అట్టుకెల్తే మన పరువేటవుతాది?"

"ఆ పెంటే కావాలన్నాది మన గుంట శైలజ!"

"పెంటకి ఇక్కడి దాకా రావాలేటి? ఇజీనారంలో నేదా?"

"ఆ మడ్డేదీ?"

"అరిటి సెట్టుకి పోసినాను."

జగన్నాధం అరటిచెట్టు వైపు పరుగెత్తాడు. నేల పీల్చేసుకుంది. బందకి వెళ్ళి రావాలంటే అరగంట. అప్పటికే మలుపులో బస్సు హారన్ వినిపించింది. ఆ తర్వాతి బస్సు పదకొండింటికి. ఆ తేటనీళ్ళ డబ్బానే భుజాన వేసుకొని పరుగెత్తాడు.

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఈ నీళ్ళలో బొగ్గు వేస్తే తొంభై వస్తుంది. శైలజ రాసిందంతా అబద్ధమంటారు. బావగారు మర్నాడే వచ్చి పిల్లని తీసుకుపోతాడు. నెల్లిమర్లలో బస్సు ఆగగానే, ఎదురుగా అప్పలసూరి టీ బడ్డీ కనబడింది. జగన్నాధం బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. టీ కూడా ఆకే కదా. మరిగిస్తే వచ్చేది ఆకు సారమే కదా.

"అప్పలసూరీ, పాలు కలపని డికాక్షనుందా?"

"ఎన్ని గలాసులు బావా?"

"ఈ డబ్బా రంగు మారీదాకా పొయ్యి."

అప్పలసూరి డబ్బా వంకా, అతని ముఖం వంకా చూశాడు. "ఇంటికాడ అంతా బాగే గదా?" అంటూనే గిన్నెడు డికాక్షను వంచేశాడు. రంగు అచ్చం బంద నీళ్ళ రంగే. జగన్నాధం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరితోనే ముక్కుకి ఘుమఘుమ తగిలింది.

"ఇదేటి వాసన?"

"ఒట్టి డికాక్షనేటి పోస్తాను నీకు? అల్లం, యాలక్కాయా దంచి ఏసినాను. మనవోడివి గదా!"

బస్సు కదిలింది. అల్లం వాసన ముందు సీట్ల దాకా వెళ్ళింది. దాని వెంటే కండక్టరు వచ్చాడు.

"ఏటిది? బెల్లం ఊటా? సారా కాస్తన్నావా?"

"కాదు బాబూ, లేబు నీల్లు."

"లేబు నీల్లకి యాలక్కాయెందుకు? తాగి సూపించు. లేదంతే బస్సు పోలీసు టేసన్ కాడ ఆపిస్తాను."

జగన్నాధం కళ్ళు మూసుకొని గ్లాసుడు తాగాడు. కండక్టరుకి నమ్మకం కుదరలేదు. ఇంకో గ్లాసు తాగాడు. వెనక సీటు ముసలమ్మ గ్లాసు చాపి, "నాకూ ఓ గుక్క పొయ్యి నాయనా, గొంతు నొప్పిగున్నాది" అంది. ఆవిడకి చెయ్యి అడ్డం పెట్టేసరికి బస్సంతా అతన్ని పిసినారిగా తేల్చింది.

పదీ పదికి లేబు చేరాడు. అటెండరు గంగరాజు డబ్బా అందుకొని లోపలికి పోయాడు. జగన్నాధాన్ని వరండాలో స్టూలు మీద కూర్చోమన్నారు. కిటికీలోంచి శైలజ తెల్లకోటూ, పక్కనే కళ్ళజోడు పెట్టుకున్న ప్రొఫెసరు గారూ కనిపిస్తున్నారు. రెండు గంటలు గడిచాయి. మధ్యలో గంగరాజు ట్రేలో టీలు పట్టుకెళ్తూ అతనికీ ఇవ్వబోయాడు. టీ అనే మాట వినగానే జగన్నాధం స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. వద్దన్నాడు.

చివరికి లోపల్నుంచి మాట వినబడింది. "అరవై ఒకటి!"

"భేష్," అన్నారు ప్రొఫెసరు గారు టీ చప్పరిస్తూ. "నీ లెక్క నిలబడిందమ్మా. కానీ ఈ ఆకుసారాన్ని ముందే తీసేసే ఉపాయం, ఊళ్ళోవాళ్ళకి చేతనయ్యేది, ఏదైనా ఉందా?"

"దాని మీద ఇంకా ఏమీ చెయ్యలేదు సార్."

"సరే. ఈ అరవై ఒకటిని బట్టే మీ నూతికి ఎంత బొగ్గు కావాలో రాసి పంపిద్దాం." ఆయన సంతకానికి కలం తీశారు.

జగన్నాధం స్టూలు మీంచి లేచాడు. అరవై ఒకటి టీ నీళ్ళ లెక్క. దాన్ని బట్టి నూతికి బొగ్గు కడతారు. ఊళ్ళో పిల్లలు అదే తాగుతారు. నోరు మూసుకుంటే మేనకోడలు గట్టెక్కుతుంది, తెరిస్తే ఇంటికి పోతుంది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడు.

"బాబూ, సంతకం ఎట్టకండి! అది బంద నీరు కాదు!"

మొత్తం చెప్పేశాడు. దాలమ్మ చిల్లగింజతో మొదలుపెట్టి కండక్టరు దాకా. చెబుతున్నంతసేపూ శైలజ వైపు చూడలేకపోయాడు.

"మావయ్యా," అంది శైలజ మెల్లిగా, "మూత తియ్యగానే యాలక్కాయ వాసనొచ్చింది. ఆ డబ్బా మూల ఎట్టీసినాను. ఆదివారం నేనొచ్చినప్పుడు ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న బంద నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో ఉన్నాది. సారుకి చెప్పే, దాంతోనే చేసినాను."

జగన్నాధం అక్కడే నేల మీద కూలబడ్డాడు. ప్రొఫెసరు గారు మాత్రం కలం పక్కన పెట్టి అతని వైపు వంగారు.

"ఏ గింజ అన్నారు?"

"సిల్లగింజ బాబూ."

"ఆకు రంగంతా పోయిందా?"

"సుబ్బరంగా పోనాది. అదే గదా నా ఏడుపు!"

"శైలజా, నేనిందాక అడిగింది దీని గురించే! పనిచేస్తుందో లేదో పరీక్షించాలి. ఆ తేటనీళ్ళేవి?"

"నానే టీ పోసి సెడగొట్టీసినాను బాబూ."

"పోనీ, ఆ డబ్బానే తీసుకురండి. ఏం మిగిలిందో చూద్దాం."

అందరూ మూల వైపు చూశారు. డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. గంగరాజు చేతులు నలుపుకున్నాడు.

"మీటింగులకి టీ డబ్బాల్లోనే వస్తాది గదండీ. సల్లారిపోనాదని ఏడి సేసి, పాలూ పంచదారా కలిపి కాలేజీలో అందరికీ పోసీసినాను. సారు రెండుసార్లు అడిగి తాగినారు."

ప్రొఫెసరు గారు చేతిలోని కప్పుని బల్ల చివరికి జరిపారు. తర్వాత డాక్టరేటు కాగితం మీద సంతకం పెట్టారు. చిల్లగింజ పరీక్షకి నీళ్ళు దాలమ్మ గారే స్వయంగా తేవాలనీ, ఆవిడ భర్త దారిలో డబ్బా ముట్టుకోరాదనీ వేరే కాగితం మీద రాసి, కింద ఇంకో సంతకం పెట్టారు.