హార్లన్ ఆవులింత

శనివారం పొద్దున హార్లన్ స్టాఫర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బేకరీకి వెళ్లి డోనట్లు తెచ్చి భార్య చేతిలో పెట్టడం, ఆ తర్వాత సాయంత్రం దాకా గరాజ్‌లో కూర్చుని తన వెండి అర డాలర్లను చూసుకోవడం. నార్మా కూడా ఒప్పుకుంది. పెళ్లయినప్పటి నుంచీ మొగుడి కంటికి భూతద్దం అతుక్కునే ఉంది కాబట్టి, ఆ పక్కన డోనట్లు కూడా ఉంటాయంటే ఆవిడకి అది లాభమే.

దారిలో హిల్డా హోస్టెటర్ ఇంటి ముందు పాత సామాన్లు అమ్మకానికి పెట్టారు. భర్త పోయాక ఆవిడ చెల్లెలి ఊరికి మకాం మారుస్తోంది. హార్లన్ మర్యాద కోసం కారు ఆపాడు. ఆ మర్యాద బల్ల చివరిదాకా బాగానే నడిచింది. అక్కడ ఒక టీ సాసర్‌లో, చొక్కా గుండీల మధ్య, రెండు వందల ఏళ్ల నాటి అర డాలర్ కనిపించేసరికి ఆగిపోయింది.

ఆ కాలంలో నాణేల అచ్చుల మీద నక్షత్రాలూ అక్షరాలూ చేత్తో ఒక్కొక్కటే కొట్టేవాళ్లు. కొట్టేవాడికి తుమ్మొస్తే నక్షత్రం పక్కకి జరిగేది. అందుకని ఒకే ఏడాది నాణేలైనా, ఏది ఏ అచ్చుల జతలోంచి వచ్చిందో కనిపెట్టొచ్చు. లోకంలో దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. పట్టించుకునేవాళ్లకి మాత్రం ఇంకేదీ పట్టదు. హార్లన్ గుండీ వెతుకుతున్నవాడిలా వేలితో నాణేన్ని తిరగేశాడు. ముందువైపు ఒక నక్షత్రం నుంచి స్వేచ్ఛాదేవి బొమ్మ టోపీ దాకా వెంట్రుకంత పగులు గీత. వెనకవైపు గద్ద రెక్క కింద అక్షరం వంకర. ఈ జతలోంచి వచ్చిన నాణెం ఈ జిల్లా మొత్తానికి ఒక్కడి దగ్గరే ఉంది. ఆ ఒక్కడూ క్లిఫర్డ్ అంహోల్ట్స్. నెలనెలా ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే నాణేల క్లబ్బులో, కాఫీ ఎక్కడుందని అడిగినా క్లిఫర్డ్ ఆ నాణెం మీదుగానే జవాబు చెప్పేవాడు. ఆ నోరు మూయించే రోజు కోసం హార్లన్ ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు.

హార్లన్ ఆవులించాడు.

ఈ వ్యాపకంలో మొదటి సూత్రం అదే. కావలసిన నాణెం కంటపడితే, కావాలన్న సంగతి మొహంలో కనపడకూడదు. ముందు నాలుగు పనికిరాని వస్తువులు కొని, చివర్లో చిల్లర అడిగినట్టుగా, ఇది కూడా వేసెయ్యండి అనాలి. అతను చేతికందినవల్లా పోగేశాడు. ఒక కంచం, ఒక కప్పు, ఒక దిండు, ఒక్క గుడ్డు మాత్రమే పట్టే పెనం, చివరికి ఒక ఇనప మంచం.

"మంచం మంచిదే. ఒక్క మనిషికి సరిగ్గా సరిపోతుంది," అంది హిల్డా. తర్వాత పోగువంక చూసి గొంతు తగ్గించింది. "అన్నీ ఒక్కోటే తీసుకున్నావేం నాయనా?"

"నాకు ఒక్కటి చాలండీ."

హిల్డా మొహం వాడిపోయింది. డబ్బులు తీసుకుని, చిల్లర తెస్తానని లోపలికి వెళ్లింది. ఆ చిల్లర తేవడంలో టెలిఫోన్ దగ్గర కాస్త ఆలస్యమైంది. ఆవిడ ఒక్కరికే చెప్పింది. ఆ ఊళ్లో అందరూ ఒక్కరికే చెబుతారు.

ఆవిడ తిరిగొచ్చేసరికి హార్లన్ మళ్లీ ఆవులించి, "ఆ సాసర్‌లో బిళ్ల కూడా వేసెయ్యండి. మామూలుదే. కరిగిస్తే వెండి ఖరీదు వస్తుందేమో," అన్నాడు.

"మామూలుదైతే నీకెందుకు అంటగడతాను? అసలే కష్టాల్లో ఉన్నావు."

ఏం కష్టాలో అడిగేలోపే వాకిట్లో క్లిఫర్డ్ కారు ఆగింది. హార్లన్ దిండు గుండెకి హత్తుకుని సాసర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. క్లిఫర్డ్ నేరుగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"బేకరీలో విన్నానోయ్. మనసు కష్టపెట్టుకోకు. క్లబ్బులో ఎవరికీ చెప్పను. చెప్పినా మెల్లగా చెప్తాను."

"ఏం విన్నావు?"

"నార్మాని వదిలేసి వేరే కాపురం పెడుతున్నావటగా."

అప్పుడు హార్లన్‌కి తన చేతిలో దిండూ, పక్కన మంచం, పైన కంచం ఎలా కనపడుతున్నాయో అర్థమైంది. కాదని చెప్పడం క్షణం పని. కానీ కాదంటే ఇవన్నీ ఎందుకు కొన్నాడో చెప్పాలి. చెబితే నాణెం మాట బయటికొస్తుంది. వస్తే క్లిఫర్డ్ దగ్గర రెండు నాణేలుంటాయి. అతను బాగా ఆలోచించి తల దించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకి అది చాలు.

అంతలో నార్మా వచ్చింది. ఇంట్లో చెప్పులతోనే, జుట్టుకి రోలర్లు చుట్టుకునే వచ్చింది.

"మూడిళ్ల నుంచి ఫోనొచ్చింది. నాలుగోది పాస్టర్‌గారు. నిజమా కాదా, అది చెప్పు."

హార్లన్ క్లిఫర్డ్ వంక చూశాడు. క్లిఫర్డ్ సాసర్‌కి రెండడుగుల దూరంలో నిలబడి డోనట్ నములుతున్నాడు.

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు హార్లన్. కంగారులో ఇంకోసారి ఆవులించాడు.

అక్కడే దొరికిపోయాడు. ఆ ఆవులింత నార్మాకి తెలుసు. హనీమూన్‌లో ఒక తాకట్టు కొట్టు ముందు అచ్చం ఇలాగే ఆవులిస్తే, నిద్ర చాలలేదేమోనని అప్పట్లో ఆవిడ సిగ్గుపడింది కూడా. ఇప్పుడు అతని చూపు వెంటే సాసర్ దాకా వెళ్లింది. హిల్డా కళ్లు తుడుచుకుంటూ, "డబ్బులొద్దు తల్లీ, నీకేది కావాలంటే అది తీసుకో," అనడంతో నార్మా నాణెం తీసుకుంది.

"ఇది మంచిదేనా హార్లన్?"

"మామూలుది."

"అయితే చిల్లు పెట్టించి మెళ్లో వేసుకుంటాను. హిల్డాగారూ, ఆ డ్రిల్లు మెషీను పనిచేస్తుందా?"

"మా ఆయన ఉన్నప్పుడు చేసేది. ప్లగ్గు ఇక్కడే ఉంది, చూద్దాం."

పనిచేసింది. చెక్క మీద పెట్టిన నాణెం వైపు, సరిగ్గా ఆ నక్షత్రం వైపు, డ్రిల్లు గుయ్యిమంటూ దిగుతుంటే హార్లన్ దిండు వదిలేసి మొత్తం కక్కేశాడు. నక్షత్రం, పగులు, గద్ద రెక్క, వంకర అక్షరం, అందుకోసమే ఈ మంచం, అందుకోసమే ఈ పెనం. భార్యని వదలడం లేదు, వదిలే ఉద్దేశం ఏనాడూ లేదు.

డ్రిల్లు ఆగింది.

"పెళ్లాన్ని వదిలేస్తే వదిలేశావు. మళ్లీ ఇలాంటి కథలు కూడానా?" అంది హిల్డా.

"కథ కాదండీ. కావాలంటే క్లిఫర్డ్‌ని అడగండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని హార్లన్ చాలా రోజులు నమ్మలేకపోయాడు. క్లిఫర్డ్ డోనట్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, జేబులోంచి భూతద్దం తీసి నాణేన్ని ముందూ వెనకా తీరిగ్గా చూశాడు.

తర్వాత ఆవులించాడు.

"మామూలుదే. పాపం, ఇతని మనసు మనసులో లేదు. ఏదో ఒకటి ఇచ్చి నేను పట్టుకెళ్తాలెండి. ఆ ఇస్త్రీ పెట్టె కూడా వేసెయ్యండి."

నార్మా ఒకసారి క్లిఫర్డ్‌ని, ఒకసారి మొగుణ్ణి చూసింది. నాణెం లాక్కుని హిల్డా చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఒకే బిళ్లని చూసి ఇద్దరు మగాళ్లకి పట్టపగలు నిద్రొస్తోందంటే, దాన్ని ఈ ఊళ్లో అమ్మకండి. నాక్కూడా ఇవ్వొద్దు. వేలానికి పంపించండి."

క్లిఫర్డ్ ఇస్త్రీ పెట్టెకి డబ్బులిచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని కారెక్కాడు. హార్లన్ డోనట్లు తెచ్చే పని ఇంకా మిగిలే ఉందని గుర్తుచేశాడు. అతను కొన్న సామాను నార్మా గుర్తుచేసింది. డబ్బిచ్చి కొన్నవి పారేయడం దండగ కదా, గరాజ్‌లో చోటుంది, అర డాలర్లు కూడా అక్కడే ఉన్నాయి, అంది.

వేలంలో ఆ నాణేన్ని టెక్సాస్ ఆయనెవరో కొనుక్కున్నాడు. ఆ డబ్బుతో హిల్డా తన చెల్లెలి ఇంటికి కొత్త వరండా కట్టించింది. వరండా ఫోటో ఒకటి నార్మాకి పంపిస్తే ఆవిడ దాన్ని గరాజ్ గోడకి అంటించింది.

మంచం విషయంలో మాత్రం హిల్డా ఉన్నమాటే చెప్పింది. ఒక్క మనిషికి సరిగ్గా సరిపోతుంది.